గనికి అల్పాయువు, దుమ్ముకు దీర్ఘాయువు

రాయలసీమలో బొగ్గు లేదు. ఎంత తవ్వినా దొరకదు. కడప, కర్నూలు రాళ్లను ఊరూరా తిరిగి చదివి 1872లో పెద్ద గ్రంథంగా అచ్చు వేయించిన విలియం కింగ్‌ పేరే సింగరేణి చరిత్ర మొదటి పుటలోనూ ఉంటుంది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టింది ఆయనే. అక్కడ దొరికింది ఇక్కడ దొరకకపోవడానికి కారణం రాళ్ల వయసు. బొగ్గు కావాలంటే ముందు అడవి ఉండాలి. సింగరేణి పొరలు పాతిక ముప్పై కోట్ల ఏళ్ల నాటి చెట్ల శేషాలు. కడప రాళ్లలో పాతవాటికి 180 కోట్ల ఏళ్లు పైనే. అవి పేరుకునే నాటికి నేల మీద గడ్డిపరక కూడా లేదు. లోతులేని సముద్రాల్లో పెరిగిన పాచి ఒక్కటే ఉండేది. ఆ పాచి తెట్టెలు రాళ్లుగా మారి, వేంపల్లె సున్నపురాతి పొరల్లో ఇప్పటికీ వరసలు వరసలుగా కనిపిస్తాయి.

బొగ్గు లేకపోయినా సీమ మనిషి భూమి లోపలికి దిగడం మానలేదు. బనగానపల్లె చుట్టుపక్కల వజ్రాల కోసం బావులు తవ్వారు. అడుగున వజ్రాలుండే పలచని పొర తగలగానే పక్కలకు సొరంగాలు తొలిచి, నడుం ఎత్తే వీలు లేక కూర్చుని, పాక్కుంటూ ఆ రాతిని బయటికి మోశారు. బేతంచెర్లలో, ఎర్రగుంట్లలో నాపరాయి పలకలు లేపారు. మంగంపేటలో ముగ్గురాయి తీశారు. వానను నమ్ముకోలేని నేల మీద రాయే రెండో పంట. ఆ రెండో పంటలో ఒకటి మాత్రం పండించినవాడి ఊపిరినే కోసుకుపోయింది. పులివెందుల కొండల్లోని రాతినార గనుల సంగతి అది. జనం నోట ఆస్‌బెస్టాస్ గనులు.

బ్రాహ్మణపల్లె, చిన్నకూడాల, లోపటనూతల, ఇప్పట్ల, లింగాల. పులివెందుల తాలూకాలో ఈ ఊళ్లను కలుపుతూ గీత గీస్తే దాదాపు రాతినార పట్టీ గీసినట్టే. ఈ నార పుట్టిన తీరు విచిత్రమైంది. వేంపల్లె సున్నపురాయిలో మెగ్నీషియం ఎక్కువ. దాన్నే డోలమైట్ అంటారు. ఎప్పుడో భూగర్భం నుంచి కరిగిన నల్లరాయి పైకి పొంగి, ఈ సున్నపు పొరల మధ్య చొరబడి, అడ్డంగా పరుచుకుని గట్టిపడింది. పులివెందుల దగ్గర అలాంటి ఒక నల్లరాతి పలక వయసును శాస్త్రవేత్తలు 188 కోట్ల ఏళ్లుగా తేల్చారు. ఆ వేడికి, దాని వెంట వచ్చిన ఆవిరికి, సున్నపురాయిలోని మెగ్నీషియం ఇసుకపాలుతో కలిసి ఆకుపచ్చని సర్పెంటైన్ రాయిగా మారింది. ఆ పచ్చరాయి పగుళ్లలో సన్నని నార ఊరింది. దాని పేరు క్రిసోటైల్. ముక్కను గోటితో గిల్లితే దూదిలా పింజలు పింజలుగా విచ్చుకుంటుంది. నిప్పులో వేస్తే కాలదు. వడికితే దారం అవుతుంది, నేస్తే బట్ట అవుతుంది.

ప్రపంచంలోని క్రిసోటైల్‌లో ఎక్కువ భాగం ఇనుము కలిసిన బరువైన రాళ్లలో పుట్టింది. కెనడా నార అలాంటిదే. పులివెందుల నార సున్నపురాతి బిడ్డ కాబట్టి దీనిలో ఇనుము తక్కువ. కరెంటు పరికరాలకు ఆచ్ఛాదనగా వాడటానికి అది మంచి గుణం. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు నార కూడా సరిగ్గా ఇలాగే, సున్నపురాతిలోకి నల్లరాయి చొరబడి పుట్టింది. భూమికి ఆ చివర ఒక ఎడారి, ఈ చివర ఒక కరువు సీమ. రెండు చోట్లా ఒకే వంట జరిగింది. నాణ్యత ఉంది, కొనేవాడున్నాడు, పనికి వచ్చే మనుషులు కోకొల్లలు. గని పెట్టడానికి ఇంకేం కావాలి?

భూగర్భ సర్వే శాఖ తరఫున ఎ.ఎల్. కౌల్సన్ అనే అధికారి ఈ తాలూకా అంతా గాలించి, ఇక్కడి రాతినార మీద రాసిన నివేదిక 1934లో కలకత్తాలో అచ్చయింది. ఏ కొండ వాలులో పొర ఎటు వాలింది, నార ఎంత పొడవుంది, ఎక్కడ తవ్వితే గిట్టుబాటవుతుంది అన్నది అటువంటి నివేదికల పని. గనుల పెట్టుబడికి అదే భూపటం. 1934 ఇంకో సంగతికీ గుర్తు. ఆ ఏడే ఇంగ్లండు ఆస్‌బెస్టాస్ వ్యాపారుల చేయూతతో మన దేశంలో ఆస్‌బెస్టాస్ సిమెంట్ కంపెనీ పుట్టింది. తవ్వే చోటు, అమ్మే చోటు రెండూ ఒకేసారి సిద్ధమవుతున్నాయి.

ఆ ఏళ్లలోనే లండన్‌లో మరో కాగితం తిరుగుతోంది. అది ఇటు రాలేదు.

రాచ్‌డేల్ అనే ఊళ్లో రాతినార వడికే మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో 33 ఏళ్లకే ఊపిరాడక చనిపోయింది. ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శిని కింద పెట్టిన డాక్టర్ కుక్, వాటి నిండా ఖనిజపు ముక్కలు చూసి అదే ఏడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1927కల్లా ఆ జబ్బుకు ఆస్‌బెస్టోసిస్ అని పేరు స్థిరపడింది. ప్రభుత్వం తరఫున మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు మిల్లులు తిరిగి 363 మంది కార్మికులను పరీక్షించారు. 95 మందికి ఆ జబ్బు ఉందని తేలింది. అంటే నలుగురిలో ఒకరికి పైగా. 1930లో నివేదిక వచ్చింది. 1931లో ప్రభుత్వం దుమ్ము నియంత్రణకు నిబంధనలు తెచ్చింది. గాలి తోడే యంత్రాలు పెట్టాలని, కార్మికులకు వైద్య పరీక్షలు చేయాలని, జబ్బు పడితే పరిహారం ఇవ్వాలని.

అంటే, పులివెందుల నార ఎంత మేలైనదో కలకత్తాలో అచ్చయ్యేసరికే, ఆ నార ఊపిరితిత్తులను ఏం చేస్తుందో అదే సామ్రాజ్యపు రాజధానిలో తెలిసి, చట్టమై, మూడేళ్లు గడిచింది. ఒకే ప్రభుత్వం. ఒక చేత్తో గని ఎక్కడుందో చూపింది. రెండో చేత్తో తన దేశపు కూలీని కాపాడుకుంది. ఆ రెండు చేతులూ సముద్రానికి ఇటువైపు కలవలేదు. ఈ కథలో మొదటి పతనం అక్కడే జరిగింది. 

పని ఎలా ఉండేదో రాతి స్వభావమే చెబుతుంది. నార ఉన్న పొర పలచన, అదీ కొండ కింద ఏటవాలుగా పోతుంది. పైనున్న బండంతా తొలగించడం గిట్టుబాటు కాదు. అందుకే కొండ వాలున నోరు చేసి, నార వెంబడే లోపలికి తొలుచుకుంటూ పోవాలి. నార ఉన్న పొర ఎంత మందమో సొరంగం దాదాపు అంతే ఎత్తు. వంగి నడవాలి, కొన్నిచోట్ల కూర్చుని కొట్టాలి. పైకప్పు కూలకుండా మధ్యమధ్య రాతి స్తంభాలు వదలాలి. సమ్మెట, ఉలి, గడ్డపార, తూటా మందు. పేల్చిన తర్వాత దుమ్ము తగ్గే దాకా ఆగాలి, కానీ కూలి గంటను బట్టి కాక తట్టను బట్టి వచ్చే చోట ఆగేదెవరు? బొగ్గు గనుల్లో విషవాయువు భయం ఉంటుంది, మంట భయం ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. నార కాలదు, వాయువు పుట్టదు. చూసేవాడికి ఇది బొగ్గు గనికన్నా సాధువైన గని. ఆ సాధుత్వమే మోసం.

స్త్రీలను భూమి లోపల పనికి పెట్టకూడదని 1952 నాటి గనుల చట్టం నిషేధించింది. పైన పెట్టకూడదని ఎవరూ అనలేదు. బయటికి తెచ్చిన పచ్చరాతిని సుత్తులతో కొట్టి, నార విడదీసి, పొడవును బట్టి వేరువేరు కుప్పలు పోసే పని ఇలాంటి గనుల్లో ఎక్కువగా ఆడవాళ్లదే. లోపలికన్నా ప్రమాదం అక్కడే ఎక్కువ. రాయి రాయిగా ఉన్నంతసేపు నార బందీ. కొట్టి చీల్చినప్పుడు అది గాల్లోకి లేస్తుంది. తర్వాత మర మీద దంచినప్పుడు ఇంకా సన్నబడి ఇంకా పైకి లేస్తుంది.  నార పోగు ఎంత సన్నగా చీలితే అంత లోతుగా ఊపిరిలోకి దిగుతుంది. 

సద్దిమూట ఎక్కడ దించేది? నార కుప్ప పక్కనే. చెంగు దులిపేది ఎక్కడ? ఇంటి వాకిట్లో, పిల్లలున్న చోట. పొగాకు చుట్టో బీడీయో ముట్టించేది ఎక్కడ? గని నోటి దగ్గరే. ఈ చివరిది ఎంత ప్రమాదమో 1968లో అమెరికా వైద్యుడు ఇర్వింగ్ సెలికాఫ్ లెక్కలతో చూపించాడు. ఆస్‌బెస్టాస్ పని, పొగ తాగడం రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెండింటి మొత్తం కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. సీమ పల్లెలో మగవాడు పొగ తాగకపోవడం ఆనాడు వింత.

ఎందుకు పోయారు మరి? ఆ ప్రశ్న అడిగేవాడు పులివెందుల ఎండాకాలం చూడనివాడు. అప్పటికి బోర్లు లేవు, చీనీ తోటలు లేవు, అరటి లేదు. వేరుశనగ, కొర్ర, జొన్న వేసి ఆకాశం చూడాలి. వాన వస్తే నాలుగు నెలల పని, రాకపోతే అదీ లేదు. 1876–78 నాటి ధాతు కరువు కథలు ముసలివాళ్ల నోళ్లలో ఇంకా ఆరని రోజులు. గని మాత్రం వానను అడగదు. ఎండ ఎంత కాస్తే సొరంగం అంత చల్లన. వారం వారం డబ్బు కళ్ల చూడవచ్చు. సేద్యం మోసం చేసినా గని మోసం చేయదన్న నమ్మకంతో పోయారు. సేద్యం చేసిన మోసం ఏడాదిలో తెలుస్తుంది. గని చేసిన మోసం తెలియడానికి ఇరవై ముప్పై ఏళ్లు పట్టింది.

ఈ జబ్బు నడక అదే. నార పోగు కంటికి కనపడదు. ఊపిరితిత్తుల అడుగున గాలి బుడగల దాకా వెళ్లి గుచ్చుకుంటుంది. దాన్ని మింగి అరిగించుకుందామని చూసిన రక్షణ కణాలు ఓడి చచ్చిపోతాయి. ఆ చోట పుండు మాని మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ. పదిహేను, ఇరవై ఏళ్లకు ఊపిరితిత్తి సాగే గుణం పోగొట్టుకుని గట్టిపడుతుంది. మొదట మెట్టెక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, చివరికి మాట్లాడితే ఆయాసం. దీనికి మందు లేదు. మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఇంకా ఆలస్యంగా, ముప్పై నలభై ఏళ్లకు బయటపడుతుంది. అప్పటికి గని మూసేసి ఉంటుంది, మేస్త్రీ చనిపోయి ఉంటాడు, కంపెనీ పేరు మారి ఉంటుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి పల్లె ఆస్పత్రిలో గుర్తొచ్చే జబ్బు ఒక్కటే: క్షయ. మన దేశంలో దుమ్ము జబ్బుల మనుషుల్లో ఎంతోమంది క్షయ మందులు మింగుతూనే పోయారని వృత్తి రోగాల వైద్యులు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. రాతినార చంపిన మనిషి మరణ పత్రంలో రాతినార పేరు ఉండదు.

గని పడిపోయిన ఏడు ఏదంటే 1986 అనాలి. ఆ ఒక్క ఏడు మూడు సంగతులు జరిగాయి. జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆస్‌బెస్టాస్ మీద 162వ ఒప్పందాన్ని ఆమోదించింది. భారత ప్రభుత్వం రాతినార తవ్వకానికి కొత్త లీజులు ఇవ్వరాదని నిర్ణయించింది. వినియోగదారుల విద్యా పరిశోధనా కేంద్రం ఆస్‌బెస్టాస్ కార్మికుల కోసం సుప్రీంకోర్టులో పిటిషను వేసింది. 1993లో రెండో దెబ్బ పడింది. ఉన్న లీజులను కూడా పునరుద్ధరించరాదని కేంద్రం ఆదేశించింది. కొత్త గని రాదు, పాత గనికి గడువు తీరితే మళ్లీ ప్రాణం పోయరు. ఆ తర్వాత తవ్వకం సన్నగిల్లుతూ పోయింది. ఏ గనీ పెద్ద శబ్దంతో కూలలేదు. ఒక్కో లీజు కాగితం తేదీ తీరి, ఒక్కో సొరంగం నోట పొదలు మొలిచి, పట్టీ మొత్తం మూగబోయింది. సింగరేణి గనులు నూట ముప్పై ఏళ్లకు పైగా తరాలకు తరాల బతుకు నడుపుతున్నాయి. పులివెందుల గనులు రెండు మూడు తరాలకే ముగిశాయి. తాత తవ్విన చోట మనవడికి కూలి లేదు.

సుప్రీంకోర్టు తీర్పు 1995 జనవరి 27న వచ్చింది. ధర్మాసనం తరఫున రాసింది తెలుగువాడైన న్యాయమూర్తి కె. రామస్వామి. పనిచేసేవాడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు తేల్చింది. ఆస్‌బెస్టాస్ పనివాడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 10 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలంది. భారత కార్మిక న్యాయ చరిత్రలో అది మేలిమి తీర్పు. నలభై ఏళ్ల గడువు పెట్టడంలోనే ఆ జబ్బు నడక తెలిసిన చూపుంది.

కానీ తీర్పు అడిగేది రికార్డు. ఫ్యాక్టరీ గేటులో పంచింగు కార్డు ఉన్నవాడికి రికార్డు ఉంటుంది. కొండ వాలున తట్టకు ఇంత అని కూలి తీసుకున్నవాడికి, నార ఏరిన ఆడమనిషికి, నాలుగు నెలలు గనిలో, రెండు నెలలు శనగ కోతలో, ఆరు నెలలు బెంగళూరు కట్టడాల్లో గడిపిన మనిషికి ఏ రిజిస్టరు? పేరు లేని చోట న్యాయం అడ్రసు వెతుక్కోలేదు. తీర్పు వచ్చేనాటికి గనుల ఆయువు తీరిపోతోంది. రికార్డు రాయాల్సిన యజమాని మూటా ముల్లె సర్దుకునే దశలో ఉన్నాడు. హక్కు పుట్టింది, ఆ హక్కును అడగాల్సిన చోటు అప్పటికే మూతబడుతోంది. ఇది రెండో పతనం.

2001లో రామనాథన్, సుబ్రమణ్యన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు భారతదేశపు ఆస్‌బెస్టాస్ గనుల స్థితిని, వాటి వెంట వచ్చిన ఆరోగ్య సమస్యలను సర్వే చేసి ఒక అంతర్జాతీయ పత్రికలో రాశారు. రాజస్థాన్ జిల్లాలు, జార్ఖండ్ కొండల్లోని రోరో, మన పులివెందుల. మూడు చోట్లా మనుషులు పేదవాళ్లు. రోరో కథ మనకు మరీ దగ్గరిది. చాయిబాసా దగ్గరి ఆ కొండను తవ్వింది హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ సంస్థ. మన ఊళ్లలో ‘చార్మినార్’ రేకుల పేరుతో ప్రతి ఇంటికీ తెలిసిన సంస్థ అది. 1983లో అక్కడ తవ్వకం ఆపి వెళ్లిపోయారు. కొండ వాలున లక్షల టన్నుల నార కలిసిన గుల్ల అలాగే మిగిలింది. వానకు అది పొలాల్లోకి, వాగుల్లోకి దిగుతోందని, పాత కార్మికులకు వైద్యం లేదని అక్కడి ఆదివాసులు ఏళ్ల తరబడి పోరాడారు. పోరాటం వల్ల రోరోకు పేరు వచ్చింది. పులివెందులకు అదీ రాలేదు.

ఆస్ట్రేలియాలో విటెనూమ్ అనే ఊరుంది, కాదు, ఉండేది. అక్కడా కొండ లోయల్లో భూగర్భ గనే. నీలి రాతినార తీశారు. 1943లో మొదలైన తవ్వకం 1966లో ఆగింది. ఇరవై మూడేళ్ల గని. అక్కడ పనిచేసినవాళ్లలో, ఆ ఊళ్లో కాపురమున్నవాళ్లలో రెండు వేల మందికి పైగా దుమ్ము జబ్బులతో పోయారని అంచనా. 2007లో ప్రభుత్వం ఆ ఊరి పేరును పటాల నుంచి, రోడ్డు బోర్డుల నుంచి తీసేసింది. కెనడాలో ఆస్‌బెస్టాస్ అన్న పేరుతోనే ఒక పట్నం ఉండేది. 1949లో అక్కడి కార్మికులు చేసిన పెద్ద సమ్మెలో కూలితో పాటు దుమ్ము తగ్గించాలన్న కోరిక కూడా ఉంది. 2020లో ఆ పట్నం ప్రజలే ఓటు వేసి ఊరి పేరు మార్చుకున్నారు. వాళ్లకు పేరు మార్చుకోవాల్సినంత అపఖ్యాతి వచ్చింది. అపఖ్యాతి రావాలన్నా ముందు ఎవరో ఒకరు లెక్క రాయాలి. బ్రాహ్మణపల్లెకు, చిన్నకూడాలకు పేరు మార్చుకునే అవసరమే పడలేదు. వాటిని ఆ లెక్కలో ఎవరూ వేయలేదు గనక.

గని మూసేశాం, పీడ విరగడైంది అనుకోవడానికి వీల్లేదు. తవ్వడమే ఆగింది, వాడడం ఆగలేదు. భారతదేశం ఏటా మూడు లక్షల టన్నులకు పైగా రాతినార దిగుమతి చేసుకుంటోంది. రష్యా నుంచి, కజకిస్తాన్ నుంచి, బ్రెజిల్ నుంచి. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2017లో తన దేశంలో దాని వాడకాన్ని నిషేధించింది. ఎగుమతి మాత్రం సాగింది. కెనడా తన ఇళ్లలోంచి రాతినార పీకేసుకుంటున్న రోజుల్లోనూ మనకు అమ్మింది. యూరోపియన్ యూనియన్ 2005కల్లా నిషేధించింది. మనం సిమెంటులో కలిపి రేకులు పోస్తున్నాం. సిమెంటు గట్టిగా పట్టుకున్నంతకాలం నార గాల్లోకి రాదని వ్యాపారం చెప్పే మాట. రేకు కోసేటప్పుడు, బోల్టుకు రంధ్రం వేసేటప్పుడు, పగిలిన రేకును పారేసేటప్పుడు ఆ పట్టు తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్రిసోటైల్ అనే తెల్ల నారతో సహా అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది.

అక్కడే కథ వికటించింది. మట్టి మిద్దెలు, బోద కొట్టాలు కూలిపోయిన చోట కడప, కర్నూలు పల్లెల్లో రేకుల ఇళ్లు లేచాయి. పేదవాడికి అది పక్కా ఇల్లు, వానకు కారని ఇల్లు. గనిలో నార తవ్వి ఊపిరి పోగొట్టుకున్న మనిషి కొడుకు, కజకిస్తాన్ నార కలిసిన రేకు కింద నిద్రపోతున్నాడు. ప్రమాదమని గని ఆపిన దేశమే ఆ ప్రమాదాన్ని ఓడల్లో తెప్పిస్తోంది. చట్టం గనిని మూసింది, ఆ సరుకు వ్యాపారాన్ని ముట్టుకోలేదు. ఫలితం ఏమిటంటే పులివెందుల వాడికి కూలి పోయింది, రేకు తయారీదారుకు సరుకు పోలేదు. నష్టం అంతా ఒకవైపే పడింది. దీన్ని మూడో పతనం అనాలి. ఇది ఇంకా పూర్తి కాలేదు.

ఆ కొండలు ఇప్పుడు మళ్లీ సొరంగాల నేల అయ్యాయి. నార పుట్టిన వేంపల్లె సున్నపురాతి పొరల్లోనే యురేనియం ఉందని తేలింది. తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో పని మొదలైంది. నిలువు బావి కాకుండా ఏటవాలు సొరంగాలతో లోపలికి దిగే భూగర్భ గని అది. పక్క ఊళ్ల రైతులు తమ బోరునీటి గురించి, అరటి తోటల గురించి అడుగుతున్న ప్రశ్నలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. యురేనియం కథ వేరు, దాని శాస్త్రం వేరు, దాని పర్యవేక్షణ వేరు. పాత గనిని ఇక్కడ గుర్తు చేయడానికి కారణం ఒకటే. లోపలికి దిగే మనిషికి తెలిసింది తక్కువ, దించే వాడికి తెలిసింది ఎక్కువ అయిన చోట గని ఎంత ఆధునికమైనా కథ ఒకే తీరుగా నడుస్తుంది. 1934లో ఆ తేడా లండన్‌కు, బ్రాహ్మణపల్లెకు మధ్య ఉండింది. ఇవాళ అది ఎక్కడెక్కడ ఉందో అడగడం ఈ తాలూకాకు ఉన్న హక్కు. ఆ హక్కుకు వాళ్లు ముందే వెల చెల్లించారు.

గనికి ఎలిజీ రాసేవాళ్లు సాధారణంగా పోయిన వైభవానికి ఏడుస్తారు. ఈ గనికి వైభవం లేదు. దీని నార దుస్తుల కోసం రాజులు రాలేదు, దీని పేర పట్నాలు లేవలేదు. పతనమంటే ఎత్తు నుంచి పడటం. ఈ గనుల్లో ఆ ఎత్తు యంత్రాలకు లేదు, లాభాలకు లేదు. ఒక కూలి మనిషి ఏడాది పొడవునా పని దొరుకుతుందని నమ్మిన నమ్మకానికి ఉంది. పడింది ఆ నమ్మకం. మూసిన సొరంగాల ముందు పోసిన గుల్ల కుప్పలను మట్టితో కప్పించి, చెట్లు నాటించడం పెద్ద ఖర్చు కాదు. గనికి పోయినవాళ్లలో ఇంకా బతికున్నవాళ్ల పేర్లు ఊరూరా అడిగి రాసుకుని, ఒక్కొక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించి, దగ్గును క్షయ అని కొట్టేయకుండా చూడటం అంతకన్నా పెద్ద ఖర్చు కాదు. 1995 తీర్పు పెట్టిన నలభై ఏళ్ల గడువును చివరి లీజుల రోజుల్లో చేరినవాడి నుంచి లెక్కేస్తే, అది ఇంకా తీరలేదు. గని ఖాతా మూసేశారు. దుమ్ము ఖాతాలో మాత్రం ఇంకా వసూళ్లు జరుగుతున్నాయి, ఒక్కో ఊపిరి చొప్పున. ఆ లెక్క చూడాల్సిన వాళ్లు చూసేలోపు అప్పు కట్టేవాళ్లు ఎవరూ మిగలరేమోనన్నదే ఇప్పటి విషాదం.